సావుకారి పుస్తకం, సిబిల్ పుస్తకం

(అనకాపల్లిలో ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువజనులతో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి థింసా చూశాం. తుడుము, జోడుకొమ్ములు విన్నాం. ఇంత సందడి తర్వాత అప్పుల సంగతి మాట్లాడమంటే నాకూ కొంచెం ఇబ్బందిగానే ఉంది. కానీ ఇక్కడ కూర్చున్న వాళ్లలో చాలామంది చేతిలో ఉన్న ఫోను వాయిదాల మీద కొన్నదే. దాన్ని మీరు అప్పు అనుకోకపోయినా, అప్పుగానే ఒకచోట నమోదై ఉంది. కాబట్టి ఈ మాట మీ జేబులో ఉన్నదాని గురించే.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఒక బ్యాంకులో అప్పు దరఖాస్తులు చూసే బల్ల దగ్గర పనిచేశాను. ఉద్యోగస్తులు, చెరకు రైతులు, బెల్లం వ్యాపారులు, మనవాళ్లు, అందరి కాగితాలూ చూశాను. మన కుర్రాళ్లు వచ్చినప్పుడు ఎక్కువగా వినే మాట ఒకటే: "సిబిల్ లేదన్నారండి, లోను రాదన్నారండి." అదేదో జబ్బు అయినట్టు, నేరం చేసినట్టు తల దించుకుని చెప్పేవారు. ఎందుకు రాలేదని ఎదురు అడిగినవాడు చాలా తక్కువ.

ముందు మాటలు తేట చేసుకుందాం. క్రెడిట్ రేటింగ్ అని పేపర్లలో చదువుతుంటారు. అది ఎక్కువగా కంపెనీలకు, బాండ్లకు, ప్రభుత్వాలకు ఇచ్చేది. క్రిసిల్, ఇక్రా, కేర్ లాంటి సంస్థలు ట్రిపుల్ ఏ, డబుల్ ఏ అని అక్షరాల్లో ఇస్తాయి. మనుషులకు ఇచ్చేది క్రెడిట్ స్కోరు, అంకెల్లో, 300 నుంచి 900 వరకు. సిబిల్ అనేది స్కోరు పేరు కాదు, 2000 సంవత్సరంలో మొదలైన ఒక కంపెనీ పేరు. ఇప్పుడు దాన్ని ట్రాన్స్‌యూనియన్ సిబిల్ అంటారు. దానితో పాటు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని మరో మూడు ఉన్నాయి. నాలుగూ 2005లో పార్లమెంటు చేసిన చట్టం కింద, రిజర్వు బ్యాంకు అదుపులో నడుస్తాయి. ఏ కాపీ తీసినా జిరాక్స్ అన్నట్టు మనం నాలుగింటినీ సిబిల్ అనే అంటున్నాం. నేనూ అలాగే అంటాను, మన్నించండి.

ఇవి మీకు అప్పు ఇచ్చే కంపెనీలు కావు. ఇవ్వాలో వద్దో బ్యాంకుకు ఆజ్ఞ వేసేవీ కావు. ఎవరు ఎప్పుడు ఎంత తీసుకున్నారు, ఏ నెల వాయిదా ఏ రోజున కట్టారు అని అప్పులిచ్చే సంస్థలు పంపిన లెక్కను ఒకచోట రాసి పెట్టుకుంటాయి. అడిగిన బ్యాంకుకు చూపిస్తాయి. అంతే. అంటే ఒక పుస్తకం.

అప్పు పుస్తకం మనకు కొత్త కాదు. మన తాతల కాలంలో సావుకారు సంతకి వచ్చేవాడు. చింతపండు, పసుపు, అడ్డాకులు ఆయనకే పోయాలి. ఉప్పూ గుడ్డా ఆయన దగ్గరే తెచ్చుకోవాలి. లెక్కంతా ఆయన పుస్తకంలో ఉండేది. ఎంత రాశాడో, తీర్చింది కొట్టేశాడో లేదో రాసినాయనకే తెలుసు. మన తాత పని వేలిముద్ర వేయడం వరకే. "ఇంకా ఎంతుంది బాబూ" అని అడిగితే "ఉందిలే" అనేవాడు. ఆ 'ఉందిలే' అనే మాట కింద ఎన్ని చెక్కల భూమి పోయిందో, ఎన్ని ఇళ్ల పిల్లలు వెట్టికి కుదిరారో మీ ఇళ్లలో ముసలివాళ్లను అడగండి.

ఇది ఎంత ముదిరిందంటే తెల్లదొరల ప్రభుత్వమే 1917లో గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీల కోసం వడ్డీల మీద, భూముల బదిలీ మీద ఒక చట్టం చేసింది. కొండజాతి మనిషి దగ్గర ఏడాదికి నూటికి 24 కంటే ఎక్కువ వడ్డీ కోర్టు ఇప్పించదు, వడ్డీ మీద వడ్డీ కుదరదు, మొత్తం వడ్డీ అసలును మించకూడదు అని అందులో ఉంది. నూటికి 24 అంటే మన లెక్కలో నెలకు రెండు రూపాయల వడ్డీ. ఈ రోజు మన ఊళ్లలో మూడు రూపాయలు, అయిదు రూపాయలు ఇచ్చి తెచ్చుకుంటున్నవాళ్లు ఉన్నారు. వందేళ్ల కిందట దొరలు గీసిన గీత కూడా దాటి కడుతూ, అది మామూలే అనుకుంటున్నాం. తర్వాత 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, పుట్టిన కారణాల్లో ఈ సావుకారి పట్టు తప్పించడం ఒకటి. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. వెట్టి, పాలేరు అనే మన మాటలే ఆ చట్టం నిర్వచనంలో కనబడతాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, సిబిల్ కూడా ఒక సావుకారి పుస్తకమే. కాకపోతే ఈ పుస్తకం తెరిచి చూపించమని అడిగే హక్కు చట్టం మీకు ఇచ్చింది. తప్పుంటే దిద్దమని అడిగే హక్కు కూడా ఇచ్చింది. మన తాతలకు లేనిది ఇదే. మనం దాన్ని వాడుకోకుండా, ఆ రోజుల్లోలాగే ఎవరో "ఉందిలే" అంటే, "లేదులే" అంటే తిరిగి వచ్చేస్తున్నాం.

సరే, ఆ పుస్తకంలో ఏముంటుంది? మీ పేరు, పుట్టిన తేదీ, పాన్ నంబరు, చిరునామాలు, ఫోన్ నంబర్లు. తర్వాత మీ పేరు మీద ఉన్న ఒక్కో అప్పు. బంగారం మీద తెచ్చింది, పంట రుణం, బండి వాయిదా, ఫోను వాయిదా, సంఘంలో సభ్యురాలిగా తీసుకున్నది, ఎవరికైనా హామీ ఉన్నది. ఒక్కో అప్పు కింద నెలల గళ్లు ఉంటాయి. గడిలో 000 ఉంటే ఆ నెల బాకీ లేదని. 030 ఉంటే ముప్ఫై రోజులు ఆలస్యమని. 90 రోజులు దాటితే బ్యాంకు లెక్కలో అది మొండి బాకీ. పంట రుణాలకు మాత్రం రోజులు కాదు, పంట కాలాలు లెక్క. చివర్లో, మీరు ఈ మధ్య ఎన్ని చోట్ల అప్పుకు దరఖాస్తు పెట్టారో ఉంటుంది. నాలుగు రోజుల్లో ఆరు చోట్ల పెడితే, వీడికేదో అవసరం తరుముకొస్తోందని చూసేవాడికి అనిపిస్తుంది. మీ రిపోర్టు మీరే చూసుకుంటే మాత్రం స్కోరు తగ్గదు. ఈ భయంతో చూసుకోనివాళ్లు చాలామంది ఉన్నారు.

అందులో లేనివి కూడా చెప్పాలి. మీ కులం ఉండదు. తెగ ఉండదు. మీ ఊరికి రోడ్డు ఉందా, డోలీ మోతేనా అన్నది ఉండదు. మీరు మంచివాళ్లా కాదా అన్నది అసలే ఉండదు. బాగా సంపాదించేవాడికి కూడా స్కోరు తక్కువ ఉండొచ్చు, కూలి చేసుకునే ఇల్లాలికి ఎక్కువ ఉండొచ్చు. అది డబ్బున్నతనానికి కొలత కాదు, మాట ప్రకారం తేదీకి కట్టిన అలవాటుకు కొలత.

ఇక్కడే మనకు ఒక అన్యాయం జరుగుతుంది. మాడుగుల, రావికమతం, రోలుగుంట పక్క కొండ కింద ఊళ్లలో జీడిమామిడి రైతులకు పూత రాకముందే వ్యాపారి అడ్వాన్సు ఇస్తాడు. పిక్కలు వచ్చాక ఆయనకే పోసి తీరుస్తారు. అలా ఇరవై ఏళ్లు ఒక్క కాపు కూడా మాట తప్పకుండా తీర్చిన మనిషిని తీసుకోండి. ఆ ఇరవై ఏళ్ల నిజాయితీ సిబిల్‌లో ఒక్క గడిలో కూడా కనపడదు. వ్యాపారి ఎక్కడా నమోదు చేయడు కదా. ఆ మనిషి బ్యాంకుకు వెళ్తే కంప్యూటరు "ఎన్.హెచ్." అంటుంది, లేదా -1 చూపిస్తుంది. చరిత్ర లేదు అని దాని అర్థం. చరిత్ర లేదనడం, చెడ్డ చరిత్ర ఉందనడం ఒకటి కాదు. ఈ రెండింటినీ కలిపి "సిబిల్ లేదు" అనే ఒక్క మాటతో పంపేస్తే, వినేవాడికి తనలో ఏదో తప్పుందనిపిస్తుంది.

మొదటిసారి అప్పు అడిగేవాళ్ల దరఖాస్తును, చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపవద్దని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 6 నాటి ఆదేశాల్లో చెప్పింది. అప్పుకు ఇంత స్కోరు ఉండి తీరాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా గీత గీయలేదు. 750 అని మీరు వినేది ఆయా బ్యాంకులు తమకు తాము పెట్టుకున్న అలవాటు. అయితే దీన్ని పట్టుకుని వెళ్లి "నాకు అప్పు ఇవ్వాల్సిందే" అంటే కుదరదు. స్కోరు లేనప్పుడు బ్యాంకు ఇంకేదో చూసి నమ్మాలి. ఆ ఇంకేదో మన దగ్గర ఉండాలి.

ఏం చూస్తారు? బల్లకు అవతలి పక్క నుంచి చెప్తాను. ఈ మనిషి, కాగితం మీద పేరున్న మనిషి ఒకరేనా? నెలనెలా కట్టగలడా? కట్టలేకపోతే మా డబ్బు ఎలా? అప్పు ఎంత చిన్నదైనా, పెద్దదైనా తిరిగేది ఈ మూడు ప్రశ్నల చుట్టూనే.

మొదటి ప్రశ్న చిన్నదనుకుంటారు. మనవాళ్లకు అదే పెద్దది. మన ఇంటిపేర్లు వంశం పేర్లు. కొర్రా అంటే సూర్యుడు, కిల్లో అంటే పులి, పాంగి అంటే గద్ద. ఒక్కో ఇంటిపేరుతో ఊళ్లకు ఊళ్లే ఉంటాయి. ముందు పేర్లు కూడా అవే అయిదారు తిరుగుతుంటాయి. పుట్టిన తేదీ తెలియని వాళ్లకు ఆధార్‌లో జనవరి 1 అని పడింది. ఇప్పుడు చూడండి: ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఒకే జనవరి 1, ఒకే పంచాయతీ, ఒకే పిన్ కోడు. ముంబైలో ఉన్న కంప్యూటరు ఇద్దరినీ ఒకరనుకోవడానికి ఇంకేం కావాలి? ఒకాయన ఎగ్గొట్టిన బండి వాయిదా ఇంకొకాయన లెక్కలో పడుతుంది. ఒకే మనిషి ఆధార్‌లో ఒకలా, పాన్‌లో ఇంకోలా, పాస్ పుస్తకంలో మరోలా ఉంటే, బాగా కట్టిన అప్పు కూడా అతని లెక్కలోకి రాకుండా పోతుంది. బడి సర్టిఫికెట్ ఉన్నవాళ్లు దాని ప్రకారం ఆధార్, పాన్ సరిచేయించుకోండి. ఏ అప్పు తీసుకున్నా పాన్ నంబరు ఇవ్వండి. మనిషిని మనిషి నుంచి వేరు చేసేది అదే.

రెండో ప్రశ్న, కట్టగలడా. అచ్యుతాపురం సెజ్‌లోనో పరవాడ ఫార్మా సిటీలోనో పనిచేసే తమ్ముడు ఒకడున్నాడనుకుందాం. నెలకు 14,000 చేతికొస్తుంది. బండి వాయిదా 3,200, ఫోను వాయిదా 1,500. మొత్తం 4,700 ముందే పోతోంది. అప్పిచ్చేవాడు మామూలుగా జీతంలో సగానికి మించి వాయిదాలకు పోకూడదనుకుంటాడు. సగం అంటే 7,000. మిగిలింది 2,300. ఇప్పుడతను చెల్లెలి పెళ్లికి నెలకు 5,000 వాయిదా పడే అప్పు అడిగితే స్కోరు 800 ఉన్నా రాదు. అది స్కోరు తప్పు కాదు, లెక్క. అదే అతను ముందు ఫోను వాయిదా తీర్చేసి, చిన్న మొత్తం అడిగితే వచ్చేది. ఇంకొక మాట: జీతం చేతికి నగదుగా తీసుకునేవాళ్లు కాంట్రాక్టరును అడిగి బ్యాంకులో వేయించుకోండి. ఆరు నెలల స్టేట్‌మెంటు మీ తరఫున మాట్లాడుతుంది. జీడిపిక్కల డబ్బు, పసుపు డబ్బు కూడా వీలైనంత ఖాతాలో పడేలా చూసుకోండి. సంతలో మాయమైన డబ్బును ఏ బ్యాంకూ ఆదాయంగా లెక్కవేయదు.

మైక్రోఫైనాన్స్ వాళ్లకైతే ఈ సగం లెక్క అలవాటు కాదు, నిబంధన. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేది మైక్రోఫైనాన్స్ అప్పు. ఇంటి మొత్తం వాయిదాలు నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఇంటి మొత్తం అంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. కాబట్టి మీ అమ్మ పేరున ఉన్న వాయిదాలు మీ లెక్కలోకి కూడా వస్తాయి. మీ స్కోరు మీద పడవు, కానీ మీకు ఎంత ఇవ్వాలన్న లెక్కలో పడతాయి. అప్పు తెచ్చేముందు ఇంట్లో ఒకరికొకరు చెప్పుకోవాల్సిన అవసరం అందుకే.

ఈ నిబంధన ఊరికే రాలేదు. 2010లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఒకే ఇల్లాలికి మూడు, నాలుగు కంపెనీలు వరసగా అప్పులిచ్చాయి. ఒకదాని వాయిదా ఇంకోదాని అప్పుతో కట్టించాయి. వసూళ్ల ఒత్తిడికి ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అప్పుడు అందరూ తీసుకున్నవాళ్ల అత్యాశ అన్నారు. ఎవరికి ఎంత అప్పుందో చూడకుండా ఇంటి గుమ్మంలోకి డబ్బు తెచ్చిపెట్టిన వాళ్ల బాధ్యత ఎక్కువ అని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. చిన్న అప్పులు కూడా క్రెడిట్ బ్యూరోల లెక్కల్లోకి ఎక్కడం ఆ తర్వాతే పెరిగింది.

మూడో ప్రశ్న, కట్టలేకపోతే ఏంటి. ఇక్కడ భూమి సంగతి వస్తుంది. అల్లూరి జిల్లాలో ఉన్న మన చుట్టాలకు 1/70 చట్టం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదు. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా వారసత్వంగా పిల్లలకు వస్తుంది కానీ అమ్మడానికి, బదిలీ చేయడానికి వీల్లేదు. మనకు ఇవి కవచాలు. అదే కాగితాన్ని బ్యాంకు మేనేజరు తాకట్టుగా చూసినప్పుడు, రేపు అమ్ముకోలేనిది నాకెందుకు అనుకుంటాడు. ఇక 2022 ఏప్రిల్ 4న విడిపోయిన మన అనకాపల్లి జిల్లాలో కొండ ఊళ్లు షెడ్యూల్‌లో లేవు. కవచం లేదు. చాలామందికి సరైన పట్టా కూడా లేదు. అంటే అప్పు దొరకడానికి ఉన్న ఇబ్బంది మనకూ ఉంది, రక్షణ మాత్రం లేదు. అందువల్ల పట్టా ఉన్నవాళ్లు ఎవరి దగ్గర తాకట్టు పెడుతున్నారో రెండుసార్లు చూసుకోండి.

తాకట్టు లేకుండా దొరికేవి ఉన్నాయి. వాటినే ముందు అడగండి. 2025 జనవరి 1 నుంచి వ్యవసాయ అప్పులకు 2 లక్షల వరకు తాకట్టు అడగకూడదు. కిసాన్ క్రెడిట్ కార్డు అందులోకి వస్తుంది. చదువు అప్పుకు 4 లక్షల వరకు అడగకూడదు. 2015లో మొదలైన ముద్రలో శిశు అంటే 50,000 వరకు, కిశోర్ అంటే 5 లక్షల వరకు. చదువు అప్పులో మాత్రం అమ్మో నాన్నో కలిసి సంతకం చేయాలి, వాళ్ల లెక్క కూడా చూస్తారు. నర్సింగుకో బీటెక్‌కో వెళ్లాలనుకునే చెల్లెళ్లు సీటు వచ్చాక కాదు, ఇంటర్ రెండో ఏడాదిలోనే నాన్న రిపోర్టు తీయించండి. పాత పంట రుణం బాకీ ఉంటే సర్దుకోవడానికి ఏడాది దొరుకుతుంది. విద్యార్థి స్కోరు తక్కువన్న కారణంతో చదువు అప్పు ఆపకూడదని కేరళ హైకోర్టు 2023లో ఒక కేసులో చెప్పింది. మన రాష్ట్రంలో కూడా ఆ మాట చెప్పి అడగొచ్చు.

ఇక మన అమ్మల దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. డ్వాక్రా సంఘంలో పంచసూత్రాలు అంటారు, మీరు వినే ఉంటారు. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపల అప్పులిచ్చుకోవడం, సకాలంలో తీర్చడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. బ్యాంకు సంఘానికి అప్పు ఇచ్చేముందు ఈ అయిదూ చూసి గ్రేడు వేస్తుంది. సిబిల్ లెక్కగట్టేది చాలావరకు ఇందులో నాలుగో సూత్రమే. చదువురాని మన అమ్మలు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నది చదువుకున్న మనకు ఇంగ్లీషులో చెప్తే భయంగా ఉంది! 2016 నుంచి సంఘం అప్పుల్లో ఒక్కో సభ్యురాలి వివరం కూడా బ్యూరోలకు పంపమని రిజర్వు బ్యాంకు దశలవారీగా అమలు చేయిస్తోంది. కాబట్టి సంఘంలో బాగా కట్టిన అక్కకు సొంతంగా చరిత్ర ఏర్పడే దారి ఉంది. కట్టని దానికి కూడా అలాగే.

ఈ సందర్భంలో రుణమాఫీ మాట చెప్పకుండా ఉండలేను. ఏ పార్టీ అన్నది నాకు అనవసరం. 2014లో మాఫీ అవుతుందన్న మాట విని చాలా సంఘాలు, రైతులు వాయిదాలు ఆపేశారు. మాఫీ డబ్బు విడతలుగా వచ్చింది, కొందరికి రాలేదు. ఈ లోపు ఖాతాలు బాకీలోకి వెళ్లిపోయాయి. పుస్తకంలో రాసేది ఎన్నికల వాగ్దానం కాదు, డబ్బు పడిన తేదీ. మాఫీ ఖాతాలో పడేదాకా వాయిదా ఆపకండి.

ఫోనులో వచ్చే అప్పుల గురించి గట్టిగానే చెప్తాను. ఒక యాప్ మీకు 5,000 మంజూరు అంటుంది. ఖర్చులని 1,200 కోసుకుని 3,800 చేతికిస్తుంది. ఏడో రోజుకు 5,000 కట్టమంటుంది. 3,800 మీద వారానికి 1,200. ఏడాదికి లెక్కేస్తే పదహారు వందల శాతం దాటుతుంది. సంతలో అయిదు రూపాయల వడ్డీ ఏడాదికి అరవై శాతమే. సావుకారే నయమనిపిస్తుంది కదూ! పైగా మీ ఫోనులో ఉన్న నంబర్లన్నీ లాగి మీ మేనత్తకు, మీ మాస్టారికి బూతులు పంపిస్తారు. సరైన అప్పు ఏదైనా సరే, 2024 అక్టోబరు 1 నుంచి సంతకానికి ముందు ఒక కాగితం ఇవ్వాలి, కీలక వివరాల పత్రమని. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఒక్క అంకెలో, మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగులో ఇవ్వమని అడగండి. ఆ పత్రం లేని యాప్‌ను తెరవకండి. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన సంస్థల యాప్‌ల జాబితా దాని వెబ్‌సైట్‌లోనే ఉంది. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు, బెదిరింపులు వస్తున్నవాళ్లు 1930కి ఫోన్ చేయండి, దగ్గరి పోలీసు స్టేషన్‌కి వెళ్లండి. ఇంట్లో చెప్పండి. సిగ్గుతో ప్రాణం మీదికి తెచ్చుకునేంత పెద్దది కాదు ఏ అయిదు వేలూ.

ఇంకొకటి, స్నేహితుడికి హామీ సంతకం. "ఊరికే సంతకమే బావా, కట్టేది నేనే కదా" అంటాడు. ఆ సంతకం మీ రిపోర్టులో కూర్చుంటుంది. అతను ఆపితే బ్యాంకు మీ దగ్గరికే వస్తుంది. పెట్టొద్దని నేననను, మన ఊళ్లలో ఒకరికొకరు నిలబడకపోతే ఎవరు నిలబడతారు? కానీ అతని వాయిదా మీరు కట్టగలిగితేనే పెట్టండి.

ఇప్పుడు పుస్తకం తెరిచే పని. నాలుగు కంపెనీలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాదంతా పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. వాళ్ల సొంత వెబ్‌సైట్‌లోనే తీయండి. "మీ సిబిల్ పెంచుతాం, రెండు వేలివ్వండి" అనేవాళ్లు అనకాపల్లిలోనూ, నర్సీపట్నంలోనూ తగులుతారు. డబ్బిచ్చి పెంచడం అనేది లేదు. రిపోర్టులో ఆంధ్రా బ్యాంకు పేరు కనపడితే కంగారుపడకండి, అది 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది. అదే అప్పు రెండు పేర్లతో రెండుసార్లు పడిందేమో మాత్రం చూడండి. తీర్చేసిన అప్పు 'క్లోజ్డ్' అని ఉండాలి. 'సెటిల్డ్' అని ఉంటే కొంత వదిలేసి రాజీ చేసుకున్నారని అర్థం. తర్వాత అప్పిచ్చేవాడు దాన్ని చూసి వెనకాడతాడు. వీలైతే మిగిలింది కట్టి 'నో డ్యూస్' కాగితం తీసుకోండి, దాచుకోండి.

తప్పు కనపడితే కంపెనీకి గానీ, ఆ లెక్క పంపిన బ్యాంకుకు గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి ఈ నిబంధన ఉంది. అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయొచ్చు. ఎలా చేయాలో 14448కి ఫోన్ చేస్తే చెప్తారు.

అప్పు ఇవ్వం అన్నప్పుడు కూడా నోటిమాటతో తిరిగి రాకండి. దరఖాస్తు ఇచ్చినప్పుడు రసీదు అడగండి. కాదన్నప్పుడు కారణం కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడగండి. ముఖ్య కారణం రాతపూర్వకంగా తెలియజేయాలని రిజర్వు బ్యాంకు నియమావళిలోనే ఉంది. నా అనుభవంలో, కారణం రాయాల్సి వచ్చినప్పుడు చాలామంది అధికారులు ఆ దరఖాస్తును ఇంకోసారి తిరగేస్తారు. ఆదాయం చాలదని రాస్తే మొత్తం తగ్గించి అడగొచ్చు. పాత బాకీ అని రాస్తే తీర్చొచ్చు, లేదా అది నాది కాదని ఫిర్యాదు పెట్టొచ్చు. "సిబిల్ లేదు" అనే గాలిమాటకు మాత్రం మన దగ్గర జవాబు ఉండదు.

చాలా సేపు మాట్లాడాను. భోజనాలు సిద్ధమవుతున్నాయని కార్యదర్శి గారు చూపులతోనే చెప్తున్నారు. ఆ కిటికీ పక్కన బల్ల వేశాం, ఇద్దరు ఇంజనీరింగు తమ్ముళ్లు కంప్యూటర్లతో కూర్చుంటారు. పాన్ కార్డు, ఆధార్‌కు కలిపిన ఫోను తెచ్చుకున్నవాళ్లు తిన్నాక అటు రండి, మీ రిపోర్టు మీ ముందే తీస్తాం. ఓటీపీ వస్తే మాకు చెప్పకండి, మీ చేత్తోనే మీరే కొట్టండి. పాన్ లేనివాళ్ల పేర్లు వేరే రాసుకుంటాం. అమ్మానాన్నలను తెచ్చినవాళ్లు వాళ్లను ముందు కూర్చోబెట్టండి.